బొలోన్యాలో కాపురం పెట్టడం ఎలా: కాగితాల దగ్గర్నుంచి కందిపప్పు దాకా

ఇటలీలోని బొలోన్యా పాత ఊరు. యూనివర్సిటీ 1088లో మొదలైందని లెక్క, ఊరి నడిమధ్య నుంచి పోయే పెద్ద వీధైతే రోమన్లు వేసిన వియా ఎమీలియా దారే. చదువుకనో ఉద్యోగానికనో ఇలాంటి ఊళ్లో దిగిన మనవాళ్లని తిప్పలు పెట్టేవి రెండు. ఏ కాగితం తర్వాత ఏ కాగితం, ఏ పని ఏ టైముకి. ఈ రెండింటి వరస పట్టుబడితే మిగతాది మెల్లగా సర్దుకుంటుంది, పట్టుబడకపోతే మాత్రం ప్రతి ఆఫీసులోనూ "అది తెచ్చుకుని రండి" అనే మాటే వింటారు. అందుకే ఇక్కడ రాసినది కూడా ఆ వరసలోనే రాస్తున్నాను.

1. విమానం ఎక్కకముందే చేయాల్సినవి

పాస్‌పోర్టు తెరిచి సర్‌నేమ్ గడి చూడండి. మన దగ్గర చాలామందికి ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో ఉంటాయి, సర్‌నేమ్ ఖాళీ. ఇటలీలో ప్రతి ఫారంలోనూ ఇంటిపేరు వేరు, పేరు వేరు. గడి ఖాళీగా ఉంటే ఒక ఆఫీసు వాళ్లు ఒకలా విడగొడతారు, ఇంకో ఆఫీసు వాళ్లు ఇంకోలా, ఆ తర్వాత బ్యాంకులో ఒక పేరు, పర్మిట్ మీద ఇంకో పేరు వస్తుంది, అక్కణ్ణుంచి మీ టెన్షన్ మొదలు. వీసాకి వెళ్లకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. ఇది చదివేవాళ్లలో సగం మంది "ఏం కాదులే" అనుకుంటారని తెలుసు, అయినా చెబుతున్నాను.

స్కాలర్‌షిప్ ఆశ ఉన్న విద్యార్థులైతే కుటుంబ ఆదాయం, ఆస్తి కాగితాలు ఇండియాలోనే అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) చేయించి తెచ్చుకోండి. ఈ ప్రాంతంలో స్కాలర్‌షిప్పులు, హాస్టల్ గదులు చూసే సంస్థ పేరు ఎర్గో. వాళ్లు మీ కుటుంబం ఆర్థిక స్థితిని లెక్కగట్టిన కాగితం అడుగుతారు, ఆ లెక్క ఈ కాగితాల మీదే నడుస్తుంది. ఇక్కడికొచ్చాక నాన్నగారిని మండల ఆఫీసు చుట్టూ ఫోన్లో తిప్పడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మిక్సీ తెచ్చుకోవచ్చా అని అందరూ అడుగుతారు. తెచ్చుకోవచ్చు. కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ప్లగ్గు మాత్రం వేరు, ఇక్కడిది మూడు గుండ్రటి పిన్నులు ఒకే వరసలో ఉండే రకం, అందులోనూ సన్నది ఒకటి, లావుది ఒకటి. రెండింటికీ పనికొచ్చే అడాప్టర్ ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. కుక్కర్ తెచ్చుకుంటే రెండు మూడు రబ్బర్లు అదనంగా పడేయండి.

2. ఇల్లు: అన్నిటికీ మొదలు ఇదే

అడ్రస్ లేకపోతే ఏ కాగితమూ కదలదు. అందుకే చవగ్గా వస్తుందని కాంట్రాక్టు లేకుండా చేతికి డబ్బిచ్చి ఉండే గది ఎన్నడూ తీసుకోకండి. అద్దె కాంట్రాక్టుని 30 రోజుల్లోగా ఆజెన్సియా దెల్లె ఎంత్రాతె అనే పన్నుల శాఖ దగ్గర రిజిస్టర్ చేయాలి, ఆ రిజిస్ట్రేషన్ కాపీ అడిగి తీసుకోండి. యూరప్ యూనియన్ బయటి మనిషిని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు 48 గంటల్లో పోలీసులకి తెలపాలన్న రూలు కూడా ఉంది, దాని కాపీ కూడా మీ దగ్గర ఉండాలి. డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించి అడగకూడదు. ఇల్లు చూడకుండా, కనీసం తెలిసినవాళ్లని పంపి చూపించకుండా డబ్బు పంపకండి, "ఓనర్ ఇప్పుడు విదేశంలో ఉన్నారు, తాళాలు పోస్టులో వస్తాయి" అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

కాంట్రాక్టుల్లో రకాలున్నాయి. విద్యార్థులకి 6 నెలల నుంచి 36 నెలల దాకా ఉండేది, కొద్ది కాలానికి 18 నెలలు మించనిది, కుటుంబాలకి 3+2 లేదా 4+4 ఏళ్లది, అంటే మొదట మూడు లేదా నాలుగేళ్లు, ఆ పైన రెండు లేదా నాలుగేళ్ల పొడిగింపు. మీ అవసరాన్ని బట్టి చూసుకోండి, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలో ఆ లైను మాత్రం రెండుసార్లు చదవండి.

ఎక్కడ తీసుకోవాలి? పాత గోడ ఉన్న చోట ఇప్పుడు వియాలి అనే రింగ్ రోడ్డు ఉంది, అక్కడక్కడా పాత నగర ద్వారాలు నిలబడి ఉంటాయి. ఆ రింగు లోపల ఉండాలని అందరికీ ఉంటుంది. అందం నిజమే, కానీ అద్దె ఎక్కువ, లిఫ్టు లేని నాలుగో అంతస్తులు, రాత్రి రెండింటి దాకా కిటికీ కింద విద్యార్థుల గోల, ముఖ్యంగా యూనివర్సిటీ వైపు పియాజ్జా వెర్ది అనే కూడలి చుట్టుపక్కల. నన్నడిగితే స్టేషన్ వెనక ఉండే బొలోన్యీనా వైపు చూడండి. స్టేషన్‌కి నడిచి పోవచ్చు, మన దినుసులు దొరికే ఆసియా షాపులూ ఆ పక్కనే.

ఇల్లు చూసేటప్పుడు కరెంటు కనెక్షన్ ఎన్ని కిలోవాట్లో అడగండి. మామూలుగా 3 ఉంటుంది. అంటే వాషింగ్ మెషీన్, ఓవెన్, వాటర్ హీటర్ ఒకేసారి వేస్తే మీటరు ట్రిప్ అవుతుంది, ఆ మీటరు ఒక్కోసారి కింద సెల్లార్‌లో ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో ముందే తెలుసుకోండి. హీటింగ్ ఉమ్మడిదా, మీ ఇంటిదా అన్నది ఇంకో ప్రశ్న. ఇక్కడ మామూలుగా అక్టోబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకానే, అదీ రోజుకి 14 గంటలకి మించకుండా హీటింగ్ వేస్తారు. అక్టోబర్ మొదట్లో చలి పెడితే స్వెటరే గతి.

ఒక్క మంచి వార్త. 1975 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇటలీ ఇళ్లలో బాత్‌రూంలో బిదే, అంటే కడుక్కోవడానికి కుళాయి ఉన్న చిన్న తొట్టి, ఉండి తీరాలి. మిగతా యూరప్‌లో మగ్గు కొనుక్కుని తిరిగే మనవాళ్లకి ఇది ఎంత ఊరటో వేరే చెప్పాలా.

దిగిన రోజే చేయాల్సిన చిన్న పని: కింద బెల్లు మీదా, పోస్టు డబ్బా మీదా మీ పేరు అంటించండి. పేరు లేకపోతే పోస్టు వెనక్కి వెళ్లిపోతుంది, తనిఖీకి వచ్చిన మున్సిపల్ పోలీసు కూడా "ఇక్కడ ఈ మనిషి లేరు" అని రాసుకుని పోతాడు.

3. కాగితాల వరస

మొదటిది కోదిచె ఫిస్కాలె. మన పాన్ లాంటిది, అక్షరాలూ అంకెలూ కలిపి 16, ఫోన్ సిమ్ నుంచి బ్యాంకు ఖాతా దాకా అన్నిటికీ అడుగుతారు. పన్నుల శాఖ ఉచితంగా ఇస్తుంది. వచ్చాక ఒక్కసారి సరిచూసుకోండి: ఇంటిపేరు నుంచి మూడు అక్షరాలు, పేరు నుంచి మూడు, పుట్టిన ఏడాది, నెలకి ఒక అక్షరం, తేదీ, తర్వాత ఇండియాకి జెడ్222 అనే కోడ్, చివర ఒక అక్షరం. ఆడవాళ్లకి తేదీకి 40 కలుపుతారు, 7న పుట్టినావిడకి 47 అని ఉంటుంది, తప్పు పడిందని కంగారు పడకండి.

రెండోది పెర్మెస్సో ది సొజోర్నో, అంటే ఉండటానికి పర్మిట్. లాంగ్ వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 8 పనిదినాల్లో అప్లై చేయాలి. స్పోర్తెల్లో అమీకో అని బోర్డున్న పోస్టాఫీసుకి వెళ్లి కిట్ అడగండి, ఫారాలున్న కవరు ఇస్తారు. 16 యూరోల రెవెన్యూ స్టాంపు తబక్కి షాపులో కొనాలి. గోడ మీద పెద్ద టి అక్షరం బోర్డు ఉంటుంది, సిగరెట్లు అమ్మే కొట్టే గానీ బస్సు టికెట్లు, బిల్లుల చెల్లింపులు అన్నీ అక్కడే. ఏడాది దాకా ఉండే పర్మిట్‌కి 70.46 యూరోలు, పోస్టాఫీసుకి ఇంకో 30. కవరు అంటించకుండానే ఇవ్వాలి, వాళ్లు చూసి అంటిస్తారు. ఫారం నింపడం రాకపోతే పత్రొనాతో అనే సహాయ కేంద్రాలున్నాయి, కార్మిక సంఘాలు నడిపేవి, అక్కడ సాయం చేస్తారు. ఎవరో తెలిసిన అన్నయ్య 100 యూరోలు తీసుకుని నింపుతానంటే ముందు అక్కడికి వెళ్లి రండి.

పోస్టాఫీసు ఇచ్చిన రసీదు ప్రాణంలా చూసుకోండి, ఫొటో తీసి ఇంటికి కూడా పంపండి. దానితోపాటే క్వెస్తూరా, అంటే పోలీసు ఆఫీసులో వేలిముద్రల తేదీ కూడా ఇస్తారు. కార్డు చేతికొచ్చేసరికి నెలలు పట్టొచ్చు, అది మామూలే. ఈలోపు రెన్యువల్ రసీదు మీద ఇండియా వెళ్లి రావాల్సి వస్తే మధ్యలో వేరే షెంగెన్ దేశంలో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లో ఇంకోదానిలో) దిగకండి. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా టికెట్ చవగ్గా ఉన్నా వద్దు, దుబాయ్ నుంచి నేరుగా బొలోన్యాకే విమానం ఉంది.

మూడోది వైద్యం. ఉద్యోగస్తులకి ప్రభుత్వ ఆరోగ్య సేవలో నమోదు ఉచితం. విద్యార్థులు కావాలనుకుంటే చేరొచ్చు, 2024 నుంచి అది ఏడాదికి 700 యూరోలు అయింది, పైగా ఆ ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబర్ దాకా. అక్టోబర్‌లో కట్టినా డిసెంబర్ 31కి అయిపోతుంది. అందుకని సెప్టెంబర్‌లో దిగినవాళ్లు మొదటి నెలలకి ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకుని జనవరిలో ఆలోచించడం నయం. నమోదయ్యాక లిస్టులోంచి మీ ఫ్యామిలీ డాక్టర్ని ఎంచుకోవాలి, జ్వరమొచ్చినా నడుం పట్టేసినా ముందు ఆయన దగ్గరికే. ప్రాణం మీదికొస్తే 112.

ఆ తర్వాతే మున్సిపాలిటీలో నివాసం నమోదు. అప్లై చేశాక 45 రోజుల్లోపు ఎప్పుడైనా తనిఖీకి రావొచ్చు, చెప్పి రారు. బెల్లు మీద పేరు సంగతి అందుకే చెప్పాను.

4. వంటిల్లు, బజారు

బియ్యం దగ్గర మొదలుపెడదాం. సూపర్‌మార్కెట్లో కనిపించే ఆర్బోరియో, కార్నరోలి రకాలు రిసోత్తో అనే ఇటాలియన్ అన్నం వంటకం కోసం, వండితే జిగురుగా ముద్దకడతాయి, దద్దోజనానికి పర్లేదు గానీ సాంబారన్నానికి కుదరదు. బాస్మతీ, సోనా మసూరీ, కందిపప్పు, చింతపండు, పచ్చిమిర్చి, అదృష్టం బాగుంటే కరివేపాకు, ఇవన్నీ బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్ల షాపుల్లో అడగండి, బొలోన్యీనాలోనూ ఉన్నాయి, ఊళ్లో వియా పెత్రోని వైపూ ఉన్నాయి. శనగలు, మసూర్ లాంటి పప్పులు, టమాటా, వంకాయ లాంటి కూరగాయలు మామూలు సూపర్‌మార్కెట్లోనే, బెండకాయ మాత్రం కాదు. పెరుగుకి తెల్ల పెరుగు, తీపి లేనిది అని చూసి తీసుకోండి, అందులోంచి చెంచాడు తీసి ఇంట్లో పాలు తోడుపెట్టుకుంటే ఇంకా మంచిది, శీతాకాలంలో గిన్నెని హీటర్ పక్కన పెట్టాలి.

సూపర్‌మార్కెట్లో కూరగాయలు చేత్తో ముట్టుకోకూడదు. ప్లాస్టిక్ గ్లవ్ వేసుకుని, సంచిలో వేసి, తూకం మెషీన్ మీద ఆ కాయ నంబరు నొక్కి స్టిక్కర్ అంటించాలి. కౌంటర్ దగ్గరికి వెళ్లాక స్టిక్కర్ లేదని తెలిస్తే వెనక లైను మొత్తం మిమ్మల్నే చూస్తుంది. మెర్కాతో దెల్లె ఎర్బె లాంటి బజార్లో అయితే అసలు మీరు ముట్టుకోనే కూడదు, బెండకాయ విరిచి చూసే అలవాటు ఇక్కడ మానుకోవాలి. ఏం చేయబోతున్నారో చెప్పండి, ఇవాళ కూరకా, ఎల్లుండికా అని, అమ్మేవాళ్లే ఏరి ఇస్తారు, రెండు మూడు సార్లు ఒకే దుకాణానికి వెళ్తే మంచి సరుకు మీ సంచిలో పడుతుంది. చీజ్, ఆలివ్‌లు లాంటివి ఎత్తోల్లో కొంటారు, ఒక ఎత్తో అంటే 100 గ్రాములు.

శాకాహారులకి ఇది జాగ్రత్తగా చదవాల్సిన ఊరు. తోర్తెల్లీని అనే చిన్న పొట్లాల్లాంటి పాస్తాలో పంది మాంసం, అది వేసే పులుసు కూడా మాంసం రసమే. చూడ్డానికి మన రొట్టెలా ఉండే పియదీనాలో, నూనెలో వేయించిన క్రెషెంతీనెలో పంది కొవ్వు వేసే వాళ్లు ఎక్కువ, స్త్రుత్తో ఉందా అని అడగండి. పార్మిజానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు, దాన్ని ఎంతవరకు పట్టించుకుంటారో మీ ఇష్టం. మాంసం లేనిది కావాలంటే తోర్తెల్లోని అడగండి, పేరు దగ్గర దగ్గరగా ఉన్నా లోపల రికోత్తా చీజ్, పైన వెన్నా సేజ్ ఆకు, అయితే పార్మిజానో మామూలుగా దాని లోపలా వేస్తారు, పైనా జల్లుతారు.

తిరగమోత ఘాటు గురించి ఒక మాట. పాత బిల్డింగుల్లో గోడలు మందం గానీ మెట్ల దారిలో వాసన ఆగదు. ఎండుమిర్చి వేసేటప్పుడు కిటికీ తెరవండి, మెట్ల వైపు తలుపు మూయండి. మిక్సీ రాత్రి పది తర్వాతా, మధ్యాహ్నం కునుకు వేళా వద్దు, ఆ వేళలు బిల్డింగ్ రూల్స్‌లో రాసి ఉంటాయి.

5. గడియారం

చిన్న షాపులు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూసి మూడున్నర, నాలుగుకి తెరుస్తాయి. పాతకాలపు తిండి దుకాణాలు కొన్ని గురువారం మధ్యాహ్నం తెరవవు. హోటళ్లలో మధ్యాహ్నం రెండున్నర దాటితే కిచెన్ బంద్, మళ్లీ ఏడు దాకా ఆగాలి, రాత్రి భోజనం ఎనిమిదికి. బిల్లులో కోపెర్తో అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు. కాఫీ నిలబడి తాగితే చవక, బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ. "కాఫే" అంటే రెండు గుక్కల డికాషన్ వస్తుంది, ఫిల్టర్ కాఫీ అలవాటున్న వాళ్లు పొద్దున కపుచీనో అడగండి.

6. నడక, బస్సు, సైకిల్

ఈ ఊళ్లో గొడుగు మర్చిపోయినా పెద్దగా నష్టం లేదు. ఇళ్ల ముందు కప్పున్న అరుగుల్లాంటి పోర్టికోలు పాత ఊళ్లోనే 38 కిలోమీటర్లు ఉన్నాయి, 2021లో యునెస్కో జాబితాలో చేరాయి. 1288లోనే కొత్త ఇళ్లకి పోర్టికో ఉండాలని చట్టం చేశారు. స్థలం ఇంటి ఓనర్ది, దారి అందరిదీ. వానాకాలం నున్నటి రాళ్లు జారతాయి, మంచి సోల్ ఉన్న బూట్లు కొనండి.

బస్సు ఎక్కగానే టికెట్ మెషీన్లో పెట్టాలి, లేదా బ్యాంకు కార్డు తాకించాలి. జేబులో టికెట్ ఉండి ముద్ర లేకపోయినా ఫైనే. శని, ఆదివారాలు, పండగ రోజుల్లో వియా రిజ్జోలి, ఇందిపెందెంత్సా, ఉగో బాస్సి వీధుల్లోకి బండ్లు రావు, బస్సులు వేరే దారిన పోతాయి. ట్రామ్ పనుల వల్ల, గరిసెందా గోపురం చుట్టూ 2023లో పెట్టిన కంచె వల్ల కూడా దారులు మారుతుంటాయి, యాప్ చూసి బయల్దేరండి. గోపురం సంగతి వచ్చింది కాబట్టి: పక్కనున్న 97 మీటర్ల అసినెల్లి ఎక్కిన విద్యార్థికి డిగ్రీ రాదని ఇక్కడి నమ్మకం. బొలోన్యాలో తవ్వకం ఎక్కడ జరిగినా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ సలహాలిచ్చే పెద్దమనుషులుంటారు, వాళ్లని ఉమరెల్ అంటారు. అచ్చం మన రచ్చబండ పెద్దల్లాగే, సమయం ఉంటే పక్కన నిలబడండి, ఇటాలియన్ ప్రాక్టీస్ ఉచితం.

సైకిల్ కొంటే తాళానికి కూడా బాగా ఖర్చు పెట్టండి. వీధిలో ఎవరో వచ్చి కారుచౌకగా ఇస్తానంటే అది దొంగ సైకిలే, కొన్నందుకు మీ మీద కూడా కేసు పడొచ్చు. కారు అద్దెకి తీసుకుంటే పాత ఊళ్లోకి తోలకండి, కెమెరాలున్నాయి, ఫైను నెలల తర్వాత ఇంటికొస్తుంది.

7. చెత్త

పాత ఊళ్లో పేపరు, ప్లాస్టిక్ వేరు వేరు సంచుల్లో, మీ వీధికి చెప్పిన రోజు సాయంత్రం, చెప్పిన టైముకే బయట పెట్టాలి. వంటింటి చెత్తకీ, గాజుకీ వేరే డబ్బాలు. మిగిలిన చెత్త డబ్బా తెరవడానికి స్మెరాల్దో అనే కార్డు కావాలి. క్యాలెండర్ ఫ్రిజ్ మీద అంటించుకోండి, రూమ్మేట్లతో గొడవలు సగం తగ్గుతాయి.

8. మాట

షాపులోకి అడుగుపెట్టగానే బొంజోర్నో, మధ్యాహ్నం దాటితే బోనాసేరా. ఏమీ అనకుండా నేరుగా వస్తువు అడిగితే మర్యాద తెలియదనుకుంటారు. పెద్దవాళ్లని, ఆఫీసుల్లో వాళ్లని ఛావో అని పలకరించకండి, మనం "మీరు" అన్నట్టే ఇక్కడా గౌరవ రూపం ఉంది. యూనివర్సిటీలో ఇంగ్లీషుతో గడిచిపోతుంది, పోస్టాఫీసులో గడవదు. సీపీఐఏ అనే ప్రభుత్వ బడుల్లో పెద్దవాళ్లకి ఇటాలియన్ తరగతులుంటాయి, ఖర్చు నామమాత్రం. సీట్లు నిండకముందే సెప్టెంబర్‌లో వెళ్లి కనుక్కోండి.

9. ఎండాకాలం

చలికాలం పొగమంచు గురించి అందరూ హెచ్చరిస్తారు. ఎండాకాలం గురించి ఎవరూ చెప్పరు. ఇది పో నది మైదానం, జూలైలో ఉక్కపోత విజయవాడ వాళ్లకి కొత్తేమీ కాదు గానీ ఇళ్లలో ఫ్యాన్ ఉండదు, ఏసీ అరుదు. పగలు చెక్క రెక్కలు మూసి రాత్రి తెరవండి, టేబుల్ ఫ్యాను జూన్‌కి ముందే కొనండి. పగటిపూట కుట్టే చారల దోమలు కూడా ఉన్నాయి. ఆగస్టు 15 అటూ ఇటూ ఊరు ఖాళీ అవుతుంది, డాక్టర్లూ ప్లంబర్లూ సెలవులో ఉంటారు, కాబట్టి మందుల చీటీలు, గీజర్ రిపేర్లు జూలైలోనే ముగించుకోండి. ఊళ్లో మిగిలిపోతే రాత్రిళ్లు ఊరి పెద్ద కూడలి పియాజ్జా మజ్జోరెలో చినెతేకా అనే సినిమా భాండాగారం వాళ్లు పెద్ద తెర మీద ఉచితంగా వేసే సినిమాలు చూడండి, కుర్చీలు ముందే నిండిపోతాయి, వెళ్లేటప్పుడు దోమల క్రీమ్ రాసుకోండి.